నలభై మూడో లైను

మా ఎదురింటి ఆశ ఏం చేస్తుందని బోధన్‌లో ఎవరినడిగినా, నిజామాబాద్‌లో ఏదో ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెబుతుందంటారు. నిజమే, కానీ అది జీతం కోసం. ప్రాణం పెట్టి చేసేది ఇంకొకటి ఉంది. దానికి జీతం లేదు, సెలవు లేదు, చెబితే అర్థమయ్యే మనిషి లేడు. నేనూ అదే కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. రోజూ నా స్కూటర్ మీదే వెళ్లొస్తాం కాబట్టి వినే శిక్ష నాకు పడింది.

కంప్యూటర్‌లో అన్నిటికన్నా ముందు నిద్ర లేచే ప్రోగ్రాంను కెర్నెల్ అంటారట. ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఊరికే రాసే ఒక కెర్నెల్‌లో, ఒక ముసలి చిప్ కోసం ఉన్న చిన్న ఫైలు ఆశది. మొత్తం నలభై మూడు లైన్లు. అన్నీ అసెంబ్లీ, అంటే చిప్‌కు నేరుగా ఇచ్చే ఆజ్ఞలు. కొన్ని ఆజ్ఞల్ని మూటగట్టి పేరు పెడితే అది మాక్రో. ఆ మూటలు విప్పి, దులిపి, మళ్లీ కట్టడం పన్నెండేళ్లుగా ఆమె సేవ. ఫైలు పైన ‘ఇది నడుస్తోంది, ఊరికే ముట్టుకోవద్దు’ అని ఇంగ్లీషులో రాసిపెట్టింది కూడా. ముట్టుకున్నవాళ్లను ఏ దేశంవాళ్లని చూడకుండా తిట్టేది.

ఆ మాక్రోలు చేసేదేమిటో ఆశ చెబితే నా తలకెక్కలేదు, వాళ్లమ్మ యేసమ్మను చూస్తే ఎక్కింది. యేసమ్మ బీడీలు చేస్తుంది. మధ్యలో ఎవరైనా తలుపు కొడితే ఆకు చాటలో ఒక మూల, తంబాకు ఇంకో మూల, దారం పైన, కత్తెర మోకాలి పక్కన పెట్టి లేస్తుంది. తిరిగొచ్చి కూర్చుంటే చూడకుండానే చెయ్యి దేని దగ్గరికి దానికి పోతుంది. చిప్ కూడా అంతే. పని మధ్యలో ఎవరో పిలుస్తారు. చేతిలోవి ఎక్కడివక్కడ పెట్టి వెళ్లాలి, వచ్చి అన్నీ మళ్లీ అందుకోవాలి. పెట్టించేవీ అందించేవీ ఆశ మాక్రోలు.

తండ్రి హనోకు, చక్కెర ఫ్యాక్టరీ మూతపడే దాకా అందులో ఫిట్టరు. రోజూ అన్నం దగ్గర అడుగుతాడు.

“ఇయ్యాల ఎంత రాసినవ్ బిడ్డా?”

“ఒక లైను తీసేసిన బాపు. అది ఉత్తగనే ఉంది.”

“గంత సేపు కూసుండి తీసేసుడా? నేన్ ఫ్యాక్టరీల గిట్ల బోల్టులు తీసుకుంట కూసుంటె ఇంటికి తోలుదురు!”

సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. ఆ కెర్నెల్‌కు పెద్దగా ఉండే ఒకాయన రాశాడు. ఈ చిప్‌ను ఇప్పుడెవరూ వాడటం లేదు. అక్టోబరు నెలాఖరులోగా నిజమైన మిషన్ మీద కొత్త కెర్నెల్ లేచినట్టు చూపిస్తే సరే, లేకుంటే ఫైలు తీసేస్తాం అని. ఆశ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. “మిగిలిన నలభై రెండు లైన్లకు ఏడుస్తరా?” అన్నాను. అనకుండా ఉండాల్సింది. రెండు రోజులు నా స్కూటర్ ఎక్కలేదు.

ఆ చిప్ ఉన్న ఆమె సొంత బోర్డు ఎప్పుడో పాడైపోయింది. మిగిలింది ఒక్కటే మిషన్, మోస్రా రోడ్డు మీద రామ్‌దాస్ ధరంకాంటాలో. లారీల తూకం చూపించే ఆ డబ్బాను చదువుకునే రోజుల్లో ఆశే చేసిచ్చింది. అప్పటి కెర్నెల్‌తోనే ఇప్పటికీ నడుస్తోంది. కొత్త కెర్నెల్ ఎక్కించిన మెమొరీ కార్డు పర్సులో పెట్టుకుని వెళ్లాం.

“కాంటా ఆపాల్నా?” రామ్‌దాస్ కళ్లు పెద్దవి చేశాడు. “అటు సూడు చెల్లె, ఎన్ని బండ్లున్నయో. వాన వడి వడ్లు తడుస్తె నీ కెర్నెల్ ఎండబోస్తదా? నడిసేదాన్ని ముట్టద్దు. దసరకు రా, గానాడు బందు పెడ్తం.”

దసరాకు వెళ్లాం. మిషన్ కడిగిన ముత్యంలా ఉంది. పసుపు, కుంకుమ, బంతిపూలు, నిమ్మకాయ, మిరపకాయలు.

“ముట్టకు ముట్టకు! పూజల పెట్టినంక దానితోని పని చెయ్యద్దు చెల్లె.”

“దసరకు రమ్మన్నది నువ్వే గదన్నా!”

“రమ్మన్న. ముట్టుమన్ననా? గారెలు తిని పో.”

నడిచే రోజు ఆపొద్దు, ఆపిన రోజు ముట్టొద్దు. తన ఫైలు మీద ఉన్న మాటే ఆశకు ఎదురొచ్చింది. అలిగి స్కూటర్ దగ్గరికి పోయింది. నేను గారెల దగ్గర ఆగాను కాబట్టి తర్వాత జరిగింది చూశాను. రామ్‌దాస్ మిషన్ ముందే రాయి పెట్టి, భక్తి కొద్దీ కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు సగం కింద పడ్డాయి, సగం మిషన్ గాలి రంధ్రాల్లోకి పోయాయి.

“తాగింది! ఖుషీ అయింది,” అన్నాడు. నేనూ తలూపాను. గారె బాగుంది మరి.

తెల్లారి ఏడింటికి ఫోన్. “చెల్లె, మిషన్ లేస్తలేదు. ఎనిమిది లారీలు ఆగినయ్. జెర జల్ది రా!”

ఆశ డబ్బా విప్పింది. పాత కార్డు కొబ్బరినీళ్లకు జిగురు పట్టి చచ్చింది. బోర్డు తుడిచి, ఆరబెట్టి, కొత్త కార్డు పెట్టింది. తెర మీద ఒక్క లైను వచ్చి ఆగిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. డ్రైవర్లు చుట్టూ చేరారు. ఒకాయన నిమ్మకాయ మార్చమన్నాడు. ధర్మాబాద్ నుంచి వచ్చినాయన “ధక్కా మారా, తాయీ!” అని మరాఠీలో, ఆగిన లారీని తోయమన్నట్టే చెప్పాడు. నాకు భయమేసింది. ఆ కెర్నెల్ పెద్దాయన చూస్తే నవ్వి ఫైలు అక్కడే తీసేస్తాడు.

ఆశ కుర్చీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని తన ఫైలు పైనుంచి కిందికి వేలుపెట్టి చదివింది. సగంలో ఆగి నెత్తి కొట్టుకుంది.

“కత్తెర!” అంది నాతో. “లేసేటప్పుడు కత్తెర కింద పెట్టించిన. వచ్చినంక తీసుకునే లైను నేనే తీసేసిన. ఇంట్ల ల్యాప్‌టాప్‌ల ఉత్తుత్తి మిషన్ మీద నడిసింది, గందుకే తెల్వలే.” రామ్‌దాస్ వైపు తిరిగింది. “తప్పు నాదన్నా. నడిసేదాన్ని నేనే ముట్టిన.”

అరవడానికి సిద్ధంగా ఉన్న రామ్‌దాస్ మెత్తబడ్డాడు. “కొబ్బరినీళ్లు నావే గద,” అన్నాడు.

తీసేసిన లైను తిరిగి పెట్టింది. నలభై మూడు. కార్డు మళ్లీ ఎక్కించింది. తెర మీద లైన్లు జలజలా దిగి, చివరకు సున్నా వెలిగింది. మొదటి లారీ కాంటా ఎక్కితే అంకె కదిలింది. డ్రైవర్లు ఈలలు వేశారు. ఆశ కళ్లు తుడుచుకుంటూనే ఫోటో తీసి కెర్నెల్ పెద్దాయనకు పంపింది.

జవాబు రెండు రోజులకు వచ్చింది. ఫైలు ఉంటుంది. కింద ఒక సందేహం కూడా రాశాడాయన: మిషన్ మీద ఆ పసుపు చుక్కలు కెర్నెల్ లేవడానికి అవసరమా? అవసరం లేదు కానీ తీసేసి చూడలేదని ఆశ రాసింది.

ఆ రోజు నేనూ వాళ్లింట్లోనే తిన్నాను. అన్నం దగ్గర హనోకు మామూలుగానే అడిగాడు. “ఇయ్యాల ఎంత రాసినవ్?”

“మొన్న ఒక్క లైను మళ్ల పెట్టిన బాపు. ఇయ్యాల దాని మీద ఒక మాట రాసిన.”

“ఏం మాట?”

ఆశ ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. ఇంగ్లీషు కాబట్టి నేనే తెలుగులో చెప్పాను. ‘ఈ లైను తీయవద్దు. తీస్తే మోస్రా రోడ్డు మీద ఎనిమిది లారీలు ఆగిపోతాయి.’

హనోకు వంగి ఆ లైను చూశాడు. 

“బోల్టు మంచిగ బిగించినవ్ బిడ్డా,” అని కంచం దగ్గరికి లాక్కున్నాడు.