విజయక్క వదిలిన ఖాళీ

ఈ ఉదయం కంఠేశ్వర్‌లో నేనెక్కిన ఆటో అంతకుముందు పసుపు బస్తాలు మోసినట్టుంది. దిగి చాలాసేపైనా చొక్కాను ఆ ఘాటు వదల్లేదు. ఆ వాసన తగిలితే అందరికీ వంటిల్లు గుర్తొస్తుందేమో, నాకు మాత్రం విజయక్క గుర్తొస్తుంది.

ఆమె ఇక్కడే చిన్న కంప్యూటర్ ఆఫీసు నడిపేది. నేను పని నేర్చింది ఆమె దగ్గరే. మార్కెట్ యార్డు గుమస్తా రోజూ ఎక్కించే పసుపు ధరలను డేటాబేస్‌లోంచి తీసి, రైతులు ఫోన్‌లో చూసుకునేలా వెబ్ పేజీ మీద గ్రాఫు గీతగా చూపించేవాళ్లం. మా సర్వర్ ఎంత నిదానమంటే, విత్తనం పెట్టేటప్పుడు పేజీ తెరిస్తే పసుపు తవ్వేనాటికి గీత కనబడేది. ఈ మాట ఆమె ముందే అనేవాణ్ని. “తవ్వేనాటికన్న వస్తది గద” అని ఆమె తన పనిలో పడేది.

ఒకసారి హమాలీలు పని ఆపడంతో యార్డు మూతపడింది. ధర గడి ఖాళీగా ఉంటే పని ఎగ్గొట్టాడంటారని గుమస్తా భయం. బంద్ ఉన్న రోజులన్నిటికీ సున్నా కొట్టాడు. మా గీత గుట్ట మీది నుంచి కాలు జారినట్టు అడుగుకు పడింది. మేం చూసేలోపే, పేజీ మీదున్న నంబరుకు భీమ్‌గల్ రైతు గంగారెడ్డి ఫోన్ చేశాడు. విజయక్క స్పీకర్ పెట్టింది.

“గీత కిందికి పడ్డది గదక్కా. బేరగాడు ఇంటి ముందలికే లారీ తెచ్చిండు, సగం ధరకు అడుగుతుండు. ఏడాది పంట. ఇయ్యాల్నా?”

“ఆగు బాపూ. ధర పడలే. యార్డు బంద్ ఉంది, గంతే.”

“మరి కంప్యూటర్ అబద్ధమాడుతదా?”

“అది ఆడదు. మేం ఆడించినం. లైన్‌ల ఉండు.”

ఆ సున్నాలు తీసేసి రెండు కొసలనూ కలిపేద్దామన్నాను. “సూస్తానికి మంచిగుంటదక్కా.”

“బంద్ ఉన్ననాడు ధరెంతనో నీకు కలల చెప్పిండ్రా? కతలు బయట చెప్పుకో. ఈ గీతల తెల్వనికాడ తెల్వదనే ఉండాలె.”

గీతను అక్కడ తెంపేశాం. విజయక్క గంగారెడ్డిని పేజీ మళ్లీ తెరవమంది.

“గీత తెగింది. ఇప్పుడు ధరెంత మరి?” అన్నాడాయన.

“తెల్వదు బాపూ. యార్డు తెరిస్తెనే తెలుస్తది.”

అవతల ఆయన బేరగాడితో అంటున్నది వినబడింది. “గీసినోళ్లే తెల్వదంటున్నరు. నీకెట్ల తెలిసింది సగమని? బండి తీస్కపో.”

నేను ఇప్పటికీ కోతలు కోస్తూనే ఉన్నాను. కోటగిరి కాలువలో నేను పట్టిన చేప ఏటేటా పెరుగుతూనే ఉంది. ఈ కథ చెప్పినప్పుడు మాత్రం, గంగారెడ్డి చివరికి పసుపు ఎంతకు అమ్మాడని అందరూ అడుగుతారు. మంచి అంకె ఒకటి నాలుక చివరిదాకా వస్తుంది. తెలియదని చెప్తాను.