ఐజాక్ మాసప్ తడిసిన ఎడమ చెయ్యి

హారోబెక్ బ్రాంచి లైను మూతపడి, పట్టాలు కూడా పాత ఇనుము కింద పోయాయి. ఆ లైను మీద ఇంజనుకు బొగ్గు వేసిన ఫైర్‌మన్లలో ఇప్పుడు మిగిలింది ఐజాక్ మాసప్ ఒక్కడే. చర్చి పక్క హాల్లో శనివారాలు కూడి హారోబెక్ స్టేషన్ నమూనా కడుతున్న సంఘానికి అందుకే ఆయన మాట మీద అంత గురి. గేటుకు రంగేదన్నా, బొగ్గు కుప్ప ఎక్కడన్నా ఆయన్నే అడిగేవాళ్ళు. ఇంజనులో నీళ్ళు నింపే స్తంభం ఏటివైపు ఉండేదని చెబితే, ఇంకో మాట లేకుండా ఏటివైపే అతికించేశారు.

ప్రదర్శనకు వారం ముందు, ఒక ఫొటోగ్రాఫరు కూతురు అటకమీది పెట్టె తెచ్చిచ్చింది. అందులో హారోబెక్ ఫొటో ఒకటి దొరికింది. సంఘం కార్యదర్శి క్లైవ్ ఫియరన్ దాన్ని గోడకు గుచ్చాడు. ఫొటోలో స్తంభం పట్టాలకు అవతల, కొండవైపు నిలబడి ఉంది.

"పెద్దాయనా, నీ స్తంభం పట్టాలు దాటి నడిచెళ్ళిందే!" అన్నాడు క్లైవ్. అందరూ నవ్వారు. ఐజాక్ కూడా నవ్వాడు.

నవ్వుకునే విషయం కాదది, ఆయనకు మాత్రం. అన్న జోస్‌కు మతిమరుపు జబ్బు మొదలైంది ఇలాగే. అమ్మ వంటింట్లో తూర్పున కిటికీ ఉండేదని ఒట్టేసి మరీ వాదించాడు. అక్కడ కిటికీ ఏనాడూ లేదు. తర్వాత భార్య పేరు మరిచాడు. తర్వాత చెంచా పట్టడం మరిచాడు. రెండేళ్ళు ఐజాకే తినిపించాడు.

ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు. మాంసం, ఆలుగడ్డల కూర ప్లేటులోనే చల్లారిపోయింది.

"ఏమైందయ్యా? ఉప్పు ఎక్కువైందా?" అంది భార్య నోరా.

"నోరా, మన పెళ్ళిలో నువ్వు పెట్టుకున్న టోపీ ఏం రంగు?"

"నేను టోపీ పెట్టుకోలేదు. పూలు పెట్టుకున్నా. ఎందుకడుగుతున్నావు?"

ఆయన ప్లేటు పక్కకు తోశాడు. టోపీ ఉందనే అనుకుంటున్నాడు. నీలం రంగు టోపీ.

ఆ వారమంతా తనకు తానే పరీక్షలు పెట్టుకున్నాడు. స్టేషన్ల పేర్లు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. వీధిలో ఎదురైన ప్రతి కుక్క పేరు. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. స్తంభం మాత్రం ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నా ఏటివైపే. ఎందుకంటే చెయ్యి గుర్తుంది. ఇంజను నీళ్ళ ట్యాంకు మీదికెక్కి స్తంభానికున్న తోలు గొట్టం లాగుతుంటే, కారే నీళ్ళకు ఎడమ చెయ్యి మోచేతి దాకా తడిసేది. చలికాలం ఆ చొక్కా చెయ్యి గడ్డకట్టి కర్రలా నిలబడేది. ఇంజను పొగగొట్టం ఎప్పుడూ లైను చివరనున్న గనులవైపే ఉండేది. అటు చూస్తే ఎడమన ఏరు. మరి తప్పెక్కడ?

ప్రదర్శన ముందురోజు హాలుకు వెళ్ళకుండా ఉందామనుకున్నాడు. నోరా కోటు తెచ్చి ఒంటికి తగిలించి, గుమ్మంలోంచి నెట్టినంత పని చేసింది. "తప్పయితే తప్పు. ఉరి తీస్తారా?"

నమూనాలో కొండలూ చెట్లూ చేసే గ్వెన్ బర్కెట్ ఆయన్ను చూడగానే మెట్ల స్టూలు లాక్కొచ్చి నమూనా పక్కన పెట్టింది.

"ఐజాక్ గారూ, ఇదే మీ ఇంజను ట్యాంకు. పొగగొట్టం అటు, గనులవైపు. ఎక్కండి. నీళ్ళు ఎలా పట్టేవాళ్ళో చేసి చూపించండి."

"పడితే సంఘం పూచీ కాదు," అన్నాడు క్లైవ్.

"నోర్మూసుకుని స్టూలు పట్టుకో," అంది గ్వెన్.

ఐజాక్ ఎక్కాడు. పైకెక్కాక ఒళ్ళు తనంతట తానే గిర్రున తిరిగింది. గనులవైపు వీపు. ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, లేని తోలు గొట్టాన్ని పట్టుకుంది. ఆ చెయ్యి కొండను చూపిస్తోంది.

గ్వెన్ గోడ మీది ఫొటో వైపు చూసి, మళ్ళీ ఆ చెయ్యి వైపు చూసింది.

"అటెందుకు తిరిగారు?" అంది గ్వెన్ మెల్లగా.

"ఎందుకేమిటమ్మా, పొగ కళ్ళల్లో పడదూ? పొగగొట్టానికి వీపు పెట్టకుండా నీళ్ళు పట్టే వెధవెవడైనా ఉంటాడా..." అంటూ ఆగిపోయాడు. తన చేతిని తనే చూసుకున్నాడు. "అయ్యో. నేను మొహం పొగగొట్టం వైపు పెట్టి లెక్కేశాను!"

"అంటే ఫొటో నిజమే. ప్రదర్శన రేపు. ఇప్పుడు నా జిగురంతా రంపంతో కొయ్యాలి," అని క్లైవ్ గొణిగాడు.

"కొయ్యి బాబూ కొయ్యి! నాదే తప్పు!" తప్పు ఒప్పుకుంటూ అంత సంబరపడ్డ మనిషిని ఆ హాలు చూసి ఉండదు.

స్తంభాన్ని కొండవైపు తనే అతికించాడు. జిగురు ఆరేదాకా అలాగే పట్టుకుని, క్లైవ్‌కు వినబడకుండా గ్వెన్ వైపు వంగాడు.

"పొగకు వీపు పెట్టే సంగతి నేను ముందెప్పుడైనా చెప్పానా? చెప్పి మరిచిపోయానా? నిజం చెప్పు."

"లేదండీ. ఇదే మొదటిసారి."

"ఖాయమేనా?"

"చెప్పుంటే స్తంభాన్ని మొదటే కొండవైపు పెట్టేవాళ్ళం. ఆ రంపం బయటికి తీసేవాళ్ళమా?"

ఐజాక్ స్తంభం మీద నుంచి వేలు తీశాడు. అది నిలబడింది.