బాబాయి చెరిపేసిన గాట్లు

మంగళవారం పొద్దున్న పిన్ని ఫోన్ చేసి "బాబాయి ఇక లేరమ్మా" అంది. తణుకులో నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపిన మా బాబాయి నిద్రలోనే వెళ్లిపోయారు.

పెళ్లికొడుకైనా, హాల్ టికెట్ ఫొటోకొచ్చిన పిల్లాడైనా ఆయనది ఒకటే మాట: "గడ్డం కొంచెం పైకండి." మొటిమలు, మచ్చలు అన్నీ తర్వాత కంప్యూటర్‌లో మాయమయ్యేవి. "మచ్చల్ని ఫ్రేము కట్టించుకుంటారేంటే ఎవరైనా?" అనేవారు.

నేను సోషల్ టీచర్ని. మా బడి ఉన్న ఊరి చివర పాటిదిబ్బ కింద పాతకాలపు పట్నం ఉంది. కొన్నేళ్ల కిందట అక్కడ మూరెడు పొడవు ఇటుకల గోడలు రెండు బయటపడ్డాయి. రోడ్డు మెరకకి మట్టి కావాలని కాంట్రాక్టరు పొక్లెయిన్ పెట్టి తవ్వేస్తుంటే, ఆపమని నేను పురావస్తు శాఖకి అర్జీ రాశాను. మొదటి గోడని బాబాయి ఫొటోలు తీశారు.

ఆ ఆఫీసులో అధికారి వాటిని తిరగేసి, "బాగున్నాయండి. మరి తవ్వినట్టు ఆనవాలేదీ?" అన్నారు. నేనూ వంగి చూశాను. పొక్లెయిన్ బకెట్ పళ్ల గాట్లు ఒక్కటీ లేవు.

"చూడ్డానికి బాగోలేవని తీసేశానండి" అన్నారు నా పక్కనే ఉన్న బాబాయి.

"అసలు ఫొటోలున్నాయా?"

"వాటి మీదే దిద్దేశానండి."

బయటికొచ్చాక ఆయన మీద అరిచాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్నే మేమిద్దరం దిబ్బ దగ్గరికి వెళ్లేసరికి ఆ గోడ లేదు. రెండో గోడకి అప్పటికే గాట్లు పడ్డాయి. బాబాయి చెప్పులు విడిచి గోతిలోకి దిగిపోయారు.

"పైకొచ్చేయండి బాబాయ్, మట్టి విరిగి పడుద్ది" అని ఆపరేటర్ కేకేశాడు.

"ఒక్క నిమిషం ఆగయ్యా" అని బాబాయి తీస్తూనే ఉన్నారు. ఇంజను ఆగలేదు. అంచు నుంచి మట్టి రాలుతూనే ఉంది.

ఆ ఫొటోలు చూశాక అధికారి స్వయంగా వచ్చి పని ఆపించారు. ఆ తర్వాత ఎవరు మెచ్చుకున్నా బాబాయి, "ఒక గోడ నావల్లే పోయిందండి" అనేవారు. పెళ్లికూతురి పుట్టుమచ్చ కూడా మళ్లీ ముట్టుకోలేదు. గిరాకీ పోతోందని పిన్ని సణిగేది.

పెద్దకర్మ అయ్యాక పిన్ని ఆనాటి ఫొటో ఒకటి నా చేతిలో పెట్టింది. పొద్దుటెండలో ఎర్రటి గోడ, నిండా గాట్లు. పైన బకెట్ నీడ. కింద కెమెరా ఎత్తి పట్టుకున్న బాబాయి నీడ. రెండింటి మధ్యా జానెడు ఎండ.