పద్నాలుగు అంకె, సుభానీ గారి నాలుక

2023 జూన్ 26, సోమవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. ఫోను మోగినప్పుడు నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఒకరి వంటగదిలో, సింకు కింద మోకాళ్ళ మీద ఉన్నాను.

"అండీ, నేను రిజ్వానాని, వించిపేట నుంచి. మొన్న మూడో తారీఖున మా మిషను బాగుచేసి వెళ్ళారు కదా. నీళ్ళలో ఏదో తేడా ఉందంటున్నారు మా నాన్నగారు. మాకైతే ఏం తెలీట్లేదు. ఒక్కసారి వచ్చి, నీళ్ళు బాగానే ఉన్నాయని ఆయనతో చెప్పి వెళ్తారా?"

ఆవిడ నన్ను నీళ్ళు చూడమని పిలవలేదు, బాగున్నాయని చెప్పమని పిలిచింది. ఆ రెంటికీ ఉన్న తేడా ఆ క్షణాన నాకు తట్టలేదు.

నేను ఇళ్ళలో మంచినీళ్ళ యంత్రాలు బిగించి బాగుచేసే మెకానిక్‌ని. అప్పటికి పంతొమ్మిదేళ్ళ అనుభవం. ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు. ఆర్.ఓ. యంత్రంలో మెంబ్రేన్ అనే పలుచని పొర ఉంటుంది. నీళ్ళను ఒత్తిడితో దాని గుండా పంపితే లవణాలు వెనక నిలిచిపోతాయి. నీటిలో ఇంకా ఎంత లవణం మిగిలిందో చెప్పే అంకెను టీడీఎస్ అంటారు. పెన్నులాంటి మీటరును గ్లాసులో ముంచితే ఆ అంకె కనిపిస్తుంది. యంత్రం వెనక చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది. దాన్ని కొంచెం తెరిస్తే, క్రిములను చంపే దీపం దాటి వచ్చిన మామూలు నీళ్ళు కొన్ని ఇందులో కలిసి అంకె పెరుగుతుంది, మూసేస్తే తగ్గుతుంది. మా ఊళ్ళో అంకె ఎంత తగ్గితే మెకానిక్‌కి అంత పేరు. "పక్క ఫ్లాటువాళ్ళకి ఇరవై వస్తోందట, మాకు నలభై ఏంటండీ?" అని నిలదీసినవారిని నా డైరీలో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

మధ్యాహ్నం 12 గంటల 5 నిమిషాలకు వించిపేటలో ఉన్నాను. రిజ్వానా గారు మునిసిపల్ హైస్కూల్లో లెక్కల టీచరు. తండ్రి సుభానీ గారికి అరవై ఏడేళ్ళు. గాంధీనగర్‌లో ఒక కాఫీ హోటల్లో ముప్పై ఎనిమిదేళ్ళు డికాక్షన్ మాస్టారుగా చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకుని భోజనాల బల్ల ముందు కూర్చున్నారు. ఎదురుగా ఒక గాజు పాత్ర ఉంది. డమరుకంలాగా నడుము సన్నం, కిందా పైనా వెడల్పు; నడుముకు చెక్క పట్టీ, దానికి తోలు తాడు ముడి. పై సగంలో కాగితపు గరాటు ఉంచి, అందులో కాఫీ పొడి వేసి, చేత్తో వేడినీళ్ళు పోస్తే కింది సగంలోకి కాఫీ దిగుతుంది.

"పిత్తాశయం ఆపరేషను అయిందండీ. పాలు పడట్లేదు," అన్నారు రిజ్వానా గారు. "పాలు లేకపోయినా కాఫీ మాత్రం మానలేరు కదా అని పదో తారీఖున ఇది కొనిచ్చాను."

"కొనిచ్చింది, బాగానే ఉంది," అన్నారు సుభానీ గారు. "పొడి వన్‌టౌన్‌లో నా కళ్ళముందు బొంబాయి రవ్వంత బరకగా పట్టించాను. చికోరీ లేదు. ఇరవై గ్రాములకి మూడొందల మిల్లీ లీటర్లు. కాగితం ముందు తడుపుతాను. నీళ్ళు తెర్లిన తర్వాత అర నిమిషం ఆగుతాను. అన్నీ సరిగ్గా చేసినా కాఫీకి పట్టు లేదు. నాలిక చివర పులుపు తగిలి పోతుంది, వెనక ఏమీ రాదు. కూర్చోండి మెకానిక్ గారూ, మీటరు తర్వాత. ముందు ఒక కప్పు తాగండి."

"పాలు లేకుండా నాకు అలవాటు లేదండీ," అన్నాను. మర్యాదగానే అన్నాను. వెళ్ళి మీటరు ముంచాను. పద్నాలుగు.

"చూశారా మేడం, పద్నాలుగు. వించిపేటలో ఇంత తక్కువ ఇంకెవరికీ రాదు. మరి ఇంట్లో మిగతావాళ్ళ సంగతో?"

"మేమంతా ఇవే నీళ్ళు తాగుతున్నాం, ఇవే నీళ్ళతో కాఫీ, టీ. మాకు బాగానే ఉన్నాయి."

అప్పుడు, ఎవరూ అడగకుండానే, ఒక మాట అన్నాను: "ఆపరేషను మందులకి కొన్నాళ్ళు నాలుక మొద్దుబారుతుందండీ. నీళ్ళలో మాత్రం ఏ లోపమూ లేదు."

సుభానీ గారు కప్పును సాసరులో చప్పుడు కాకుండా పెట్టారు. "విన్నావా బేటీ. ఇక నువ్వు యజమాని గారికి మెసేజి పెట్టేయ్, నా వల్ల కాదని."

గుమ్మం దగ్గర రిజ్వానా గారు సంగతి చెప్పారు. పాత హోటల్ యజమాని మంగళగిరిలో కొత్త శాఖ తెరుస్తున్నారు. పొద్దున్నే రెండు గంటలు వచ్చి, ఆ పూట దించిన డికాక్షన్ రుచి చూసి, సరే అనో పారబోయమనో చెప్పే పని సుభానీ గారికి ఇస్తామన్నారు. జవాబుకి గడువు జూలై 2, ఆదివారం. "ఆ కబురు వచ్చిన రోజు ఆస్పత్రి మంచం మీద లేచి కూర్చున్నారండీ. ఇప్పుడేమో నాలిక పోయిన మాస్టారు ఎవరికి పనికొస్తాడు అంటున్నారు. నేను మెసేజి ఆదివారం దాకా ఆపుతాను. మీరు చెప్పింది నిజమేగా, తగ్గుతుందిగా?"

"తగ్గుతుందండీ," అన్నాను. నాకు దాని గురించి ఏమీ తెలియదు.

ఆనాటి డైరీలో ఇలా రాసుకున్నాను: "వించిపేట. టీడీఎస్ 14. యంత్రం బాగుంది. కస్టమరు నాలుక బాగాలేదు."

మర్నాడు, మంగళవారం ఉదయం, ఆ నెల పనులను డైరీ నుంచి పెద్ద పుస్తకంలోకి ఎక్కించుకుంటుండగా జూన్ 3 వరుస కనిపించింది. "వించిపేట. పాత మెంబ్రేన్ తీసి కొత్తది వేశాను. వచ్చినప్పుడు వాల్వ్ సగం తెరిచి ఉంది, 96. వాల్వ్ పూర్తిగా మూశాను. ఇప్పుడు 14." నాకంటే ముందు వచ్చిన మెకానిక్ ఎవరో ఆ వాల్వును కావాలనే సగం తెరిచి వదిలాడు. నేను మంచి పని చేశాననుకుని మూసేశాను. ఆ ఇంట్లోవారు చెప్పిన తేదీలను దాని పక్కన రాశాను. సుభానీ గారు ఆస్పత్రిలో ఉన్నది జూన్ 2 నుంచి 7 వరకు. అంటే ఆయన ఇంట్లో లేనప్పుడు నేను నీళ్ళు మార్చాను. తిరిగివచ్చిన మనిషికి కాఫీ వేరుగా ఉంది. మారింది మనిషేనని అందరూ అనుకున్నారు. నీళ్ళు కూడా మారాయని తెలిసినవాడిని నేనొక్కడినే, ఆ నేనే ఆయన ఎదుట నిలబడి నాలుక మీద తీర్పు చెప్పి వచ్చాను.

ఇది నిజమో, నా భయమో తేల్చుకోవడానికి ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ పద్మ చేత రెండు రకాల నీళ్ళతో కాఫీ పెట్టించి, ముందు తననే తాగమన్నాను. పాలు, పంచదార కలిపిన రెండు కప్పులకూ తేడా లేదంది. నాకూ తెలియలేదు. తర్వాత పాలు లేకుండా పెట్టమన్నాను.

"ఇన్నేళ్ళలో పప్పులో ఉప్పు ఎక్కువైందని గానీ తక్కువైందని గానీ ఒక్కసారి అనలేదు. ఇవాళ మీకు కాఫీ పరీక్షలా?" అంటూనే ఇచ్చింది. రెండో గుక్కకే తెలిసింది. పద్నాలుగు నీళ్ళ కాఫీ పుల్లగా, పలుచగా ఉంది. తొంభై ఆరుకి దగ్గరగా కలిపిన నీళ్ళది నోట్లో కాసేపు నిలిచింది. నీళ్ళలో కొద్దిగా లవణం ఉంటేనే పొడిలోని రుచి పూర్తిగా దిగుతుందని, మరీ ఎక్కువైతే ఆ రుచిని అణిచేస్తుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. పాలు ఆ లోటును కప్పేస్తాయి. కనుకనే ఆ ఇంట్లో పాలు లేని కాఫీ తాగే ఒక్క మనిషికే అది పట్టుబడింది.

గురువారం బక్రీద్. పండగ ముందు వెళ్ళి ఆ ఇంటిని కదపడం మర్యాద కాదనుకున్నాను. అదీ పొరపాటేనని తర్వాత తెలిసింది. జూలై 1, శనివారం, ఉదయం 10 గంటలకు వెళ్ళాను. సంచిలో తెచ్చిన మూడు ఖాళీ స్టీలు సీసాలను వాళ్ళ వంటగదిలోనే నింపాను. మొదటిదానిలో వాళ్ళ యంత్రం నుంచి అప్పటికప్పుడు పట్టిన నీళ్ళు, 14. మూడోదానిలో వడకట్టిన కుళాయి నీళ్ళు, 310. రెండోదానిలో నూటికి డెబ్భై రెండు పాళ్ళు మొదటివి, ఇరవై ఎనిమిది పాళ్ళు మూడోవి. మీటరు 97 చూపించింది. అంకెలు సీసాల అడుగున రాశాను.

"మళ్ళీ ఎందుకండీ శ్రమ," అన్నారు సుభానీ గారు. "నాలిక సంగతి మీరే చెప్పారుగా."

"ఆ మాట మీద నాకే అనుమానం వచ్చిందండీ. మూడు కాఫీలు మీ చేత్తో పెట్టండి. ఏ నీళ్ళతో ఏది పెట్టారో నేను చెప్పను."

ఆయన ఒక్క క్షణం కూతురి వైపు చూశారు. తర్వాత లాల్చీ చేతులు పైకి మడిచారు.

ఆయన చేతిలో ఉన్నది హోటల్ రోజులనాటి అల్యూమినియం మగ్గు. అంచును ఒకచోట నొక్కి ముక్కులా చేసుకున్నారు. నీళ్ళు దారంలా పడ్డాయి. మొదట పొడి తడిసేంతే పోసి ఆగారు. పొడి మెల్లగా పొంగింది. ముప్పై సెకన్ల తర్వాత మధ్య నుంచి అంచు దాకా చుట్టలు చుట్టలుగా పోశారు. నా గడియారంలో ఒక్కో కాఫీకి నాలుగు నిమిషాలు, అటూ ఇటూ అయిదు సెకన్లు.

మొదటి కప్పు చప్పరించి పక్కకు జరిపారు. "ఇది మా ఇంట్లో రోజూ తాగేదే. వెనక ఏమీ లేదు." మూడోది తాగి మొహం చిట్లించారు. "ఇది పచ్చి పంపు నీళ్ళు. సున్నం నోట్లో పూసినట్టుంది." రెండోది ఎత్తారు. కప్పు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"నాన్నా?" అన్నారు రిజ్వానా గారు.

"ఉండమ్మా. ఒకసారి తగిలితే లాటరీ. మెకానిక్ గారూ, వరుస మార్చి మళ్ళీ ఇవ్వండి."

వరుస మార్చాను. ఒక కొంటెతనం కూడా చేశాను: పంపు నీళ్ళు పక్కన పెట్టి, రెండు కప్పులకు 97 నీళ్ళే ఇచ్చాను. ఆయన మూడూ రుచి చూసి, కళ్ళద్దాలు తీసి నావైపు చూశారు.

"పరీక్ష పెట్టడానికొచ్చారా, వేళాకోళానికొచ్చారా? ఈ రెండూ ఒకటే నీళ్ళు. అది మా మిషనుది. ముప్పై ఎనిమిదేళ్ళు ఇదే పని చేశానండీ."

సీసాలను తిరగేసి చూపించాను. రిజ్వానా గారు అంకెలు చదివి కుర్చీలో కూర్చుండిపోయారు.

"ఆ వాల్వ్ మూసింది నేనేనండీ, జూన్ 3న," అన్నాను. "మీరు ఆస్పత్రిలో ఉన్నారు. అంకె తగ్గితే మీరు సంతోషిస్తారనుకున్నాను. మొన్న వచ్చినప్పుడు మీరు కప్పు ఇచ్చినా తాగకుండా మీ నాలుకదే తప్పన్నాను. క్షమించాలి."

ఆయనకంటే కూతురికే కోపం వచ్చింది. "మూడు వారాలు మా నాన్నని రోగిని చేశామండీ మేమంతా. మొన్న పండక్కి బిర్యానీలో ఉప్పు చూడమని కూడా అడగలేదు. ప్రతి బక్రీద్‌కీ ఆయన చూసి ఊఁ అంటేనే గిన్నె దించేది. ఈసారి నేనే చూశాను. ఆయన గదిలో కూర్చున్నారు, బయటికి రాలేదు."

"ఉప్పు తక్కువైంది," అన్నారు సుభానీ గారు మెల్లగా. "తెలిసింది. చెప్తే నవ్వుతారేమోనని ఊరుకున్నా."

తర్వాత నావైపు తిరిగి ఆయనే అన్నారు: "పోనీలెండి మెకానిక్ గారూ. ఓసారి మా హోటల్లో వారం రోజులు కాఫీ చేదన్నారు కస్టమర్లు. పాలవాడిదే తప్పని వాణ్ణి మాన్పించాను. తీరా చూస్తే ఫిల్టరు అడుగున పాత మడ్డి. కడగాల్సింది నేనే. మీరు తిరిగొచ్చారు. నేను వాడింటికి వెళ్ళలేదు."

యంత్రం పక్కకు జరిపి వాల్వును కొంచెం కొంచెంగా తెరిచాను. ఈసారి మీటరు చూసి ఆపలేదు. గ్లాసు పట్టి ఆయనకిచ్చాను. మూడోసారి "చాలు" అన్నారు. అప్పుడు మీటరు ముంచాను: 104. రిజ్వానా గారి ఫోను తీసుకుని, ఆవిడ టైపు చేసి పంపకుండా ఉంచిన సందేశాన్ని పక్కన పెట్టి, యజమానికి ఆయనే ఫోను చేశారు.

"సోమవారం నుంచి వస్తానండీ. ఒంట్లో బానే ఉంది. కాకపోతే మొదటిరోజు నాతో ఒక మెకానిక్ గారొస్తారు. ముందు మీ మంగళగిరి నీళ్ళు చూడాలి."

నన్ను అడగనేలేదు. అయినా జూలై 3 ఉదయం 5 గంటల 40 నిమిషాలకు మంగళగిరిలో ఉన్నాను.

ఆ తర్వాత నా పనిలో వచ్చిన మార్పు చిన్నది. పెద్ద పుస్తకంలో టీడీఎస్ గడి పక్కన ఇంకో గడి గీశాను. యంత్రం ముట్టుకోకముందు ఆ ఇంట్లో పాలు లేకుండా కాఫీయో టీయో తాగేవారు ఎవరని అడిగి, వాళ్ళు చెప్పిన మాటను అందులో రాస్తాను. ఎవరైనా కప్పు ఇస్తే తాగుతాను. నేను వేసే వేటు వాల్వు మీద పడాలే తప్ప మనిషి మీద పడకూడదని నాకు ఈ పని నేర్పింది. అంకె చెప్పవలసింది అంకె చెబుతుంది. మనిషి చెప్పింది మనిషి మాటగానే వినాలి.

ఈ వ్యవహారపు పద్దు ఇది. పోయినవి: సుభానీ గారు రోజుకి రెండుసార్లు పెట్టుకుని పారబోసిన కాఫీ, 21 రోజులకు పొడి 840 గ్రాములు, ఒక బక్రీద్ బిర్యానీలో తగ్గిన ఉప్పు, 14 అన్న అంకె మీద నాకున్న గొప్ప. నిలిచినవి: ఒక నాలుక, మంగళగిరిలో పొద్దున్న రెండు గంటల పని, పగలని గాజు పాత్ర ఒకటి, డైరీలో కొట్టివేయకుండా అలాగే ఉంచిన జూన్ 26 నాటి నా వాక్యం ఒకటి.