థైరాయిడ్ చాటున

నీళ్ల ట్యాంకరోడు బోయిగూడ గల్లీ మొగదలనే సగం బిందెలు నింపి పైపు చుట్టబోతే, స్వర్ణలత తన బిందెను టైరు ముందల బోర్లేసి దాని మీద కూసున్నది. "పోనియ్, నా మీదికెల్లి పోనియ్. లేకుంటె నీళ్లిడువు." వాడు హారన్ కొట్టి కొట్టి అలిసి, మళ్ల పైపు ఇప్పిండు. అప్పటిదాంక గల్లీల తన నోటికి సాటి లేదనుకున్న లచ్చమ్మ, ఎదురింటి పిల్లను ఆ పొద్దు మెచ్చుకున్నది. ఒకర్ని మెచ్చుకునుడంటే లచ్చమ్మకు జరమొచ్చినంత తక్లీఫ్.

స్వర్ణలత ఇంట్ల బ్లౌజులు కుట్టేది. పొద్దుగాల పరిగడుపున ఒక గోలీ, మాపటికి బువ్వ తిన్నంక ఇంకోటి. ఎందుకని అడిగితే "థైరాయిడ్‌కు" అనేది. ఆ మాటకు గల్లీల ఎవరు భయపడరు, ఇంటికొక థైరాయిడ్ ఉన్నది. పొద్దుటి గోలీ నిజంగ దానిదే. మాపటిది లిథియం, బైపోలార్‌కు. మనసు ఆకాశానికెక్కకుండ, పాతాళంల పడకుండ పట్టేది. లిథియం వల్లనే థైరాయిడ్ హార్మోన్ తగ్గిందని, రెండూ ఇడువొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇది మొగడు హరికిషన్‌కే ఎరుక. ఆయనది రైళ్ల మీద డ్యూటీ, ఇంట్ల ఉండుడే తక్కువ.

మొన్న రక్తపరీక్షల థైరాయిడ్ నార్మల్ అని వచ్చింది. అత్త కామేశ్వరమ్మ సంబురపడ్డది. "నార్మలైనంక గోలీలేందే? కిడ్నీలు ఖరాబైతయ్!" అని రెండు డబ్బాలు చెత్తబండిల ఏసింది. రెండోది థైరాయిడ్‌ది కాదంటే మరి దేనిదో చెప్పాలె. ట్యాంకరోణ్ణి గెలిచిన నోరు అత్త ముందల ఇప్పలే.

కొన్నాళ్లకు కోడి కూయకముందే మిషను చప్పుడు షురూ అయింది. తెల్లారినంక లచ్చమ్మ పోయి చూస్తె, కుప్పల కొద్ది బ్లౌజులు, ఒక్కదానికి సుత చేతుల్లేవు.

"అవ్వా, కార్ఖానా బజార్ల దుకాణం తెరుస్త! పది మిషన్లు పెడ్త!" స్వర్ణలత నవ్వు ఆగుతలేదు.

లచ్చమ్మ మిషను చక్రం మీద చెయ్యేసి ఆపింది. "ఏందే, నిద్రపోయినవా అసలు?"

నవ్వు టక్కున ఆగింది. స్వర్ణలత తలుపు దగ్గరికేసి, రెండో గోలీ సంగతంత చెప్పింది. చెప్పుకుంట లచ్చమ్మ చెయ్యి ఇడువలే.

"నాకిప్పుడు మస్తు మంచిగున్నది అవ్వా. గదే భయం. రేపటికి ఈ భయం సుత పోతది. ఇప్పుడే నన్ను డాక్టరమ్మ దగ్గరికి తోల్కపో. నడుమల రానని నీతోని కొట్లాడ్త. జెర, ఆ కొట్లాటల నన్ను గెలువనియ్యకు."