నేరం తిరగలిది కాదు

ఈరోజు ఇల్లు దాటాక మీరు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు? ఈ ప్రశ్న మీకు సిగ్గనిపిస్తే, ఆ సిగ్గే నా కుడి కిడ్నీని సగం తినేసిందని తెలుసుకోండి.

హుకుంపేట మండలంలో ఒక కొండమీది బడిలో పంతులమ్మను. బడికి మరుగుదొడ్డి లేదు. తోటి మాస్టారు కాఫీ తోటలోకి వెళ్లొస్తారు. ఆయనకు చెట్టు చాలు, నాకు గోడ కావాలి. గోడ లేదు కనక నీళ్లు మానేశాను. సాయంత్రం ఇంటికొచ్చాక, తిరగలిలో విసిరిన రాగిపిండితో కాచిన చోడి అంబలే నా ఒంట్లో చేరే నీరు.

ఒక మధ్యాహ్నం లెక్కలు చెబుతుండగా కుడివైపు వీపులో, పక్కటెముకల కింద, నొప్పి మొదలై గజ్జల్లోకి దిగింది. కూర్చోలేను, నిలబడలేను. వాంతి అయింది. మూత్రం ఎర్రగా, మంటగా వచ్చింది. జీపులో పాడేరు తీసుకెళ్లారు. స్కానింగ్ చేసి యురేటర్‌లో, అంటే కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టంలో, రాయి ఉందన్నారు. చిన్నదే, పడిపోవచ్చు, నీళ్లు బాగా తాగమన్నాడు డాక్టరు. నొప్పి తగ్గినా సరే మళ్లీ స్కానింగ్‌కి రమ్మన్నాడు.

రాయి అన్న మాట వినగానే మా అత్తకు దొంగ దొరికిపోయాడు.

"తిరగలి అరిగి ఆ రాయి పిండిలో కలిసిపోతంది. అదే నీ కడుపులో సేరింది. ఏటే, ఇంత సదివినావు, ఆ మాత్రం తెలీదేటి?"

తిన్నది కిడ్నీలోకి పోదని వాదించాను. నొప్పితో వంగిపోయిన మనిషి వాదన ఎవరు వింటారు? తిరగలిని గొడ్ల పాకలో పడేశారు. అంబలి ఆగిపోయింది. డాక్టరు చెప్పిన నీళ్లు సెలవు రోజుల్లోనే తాగగలిగాను. మిగతా రోజులు బడి.

కొన్నాళ్లకు నొప్పి దానంతటదే పోయింది. తిరగలితో పాటే రోగమూ పోయిందని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. స్కానింగ్‌కి వెళ్దామంటే, "నొప్పే లేదు కదా, మళ్లీ ఆస్పత్రి ఏటి?" అన్నాడు మా ఆయన.

తరవాత చలి, వణుకు, జ్వరం. మా కొండల్లో వణుకంటే మలేరియానే. రక్తపరీక్షలో అది కాదని తేలేసరికి నాకు సరిగా స్పృహ లేదు. విశాఖపట్నంలో సీటీ స్కాన్ తీశారు. రాయి అడ్డుపడి, మూత్రం వెనక్కి తన్ని, కిడ్నీ చీముతో ఉబ్బిపోయిందట. ముందు వీపులోంచి ట్యూబ్ వేసి చీము తీశారు. జ్వరం దిగాక లేజర్‌తో రాయి పగలగొట్టి, మూత్రం దిగేందుకు లోపల స్టెంట్ అనే సన్నటి గొట్టం పెట్టారు. అది తీసేదాకా మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నడుములో పోటు.

"నొప్పి పోయిందంటే రాయి పోయినట్టు కాదమ్మా," అంది అక్కడి డాక్టరమ్మ. "నీళ్లు చాలక మూత్రం చిక్కబడితే అందులోని ఉప్పులే రాయి కడతాయి. తిరగలి ఏం చేసింది?"

అత్త నా మంచం పక్కనే నిలబడి వింది. కుడి కిడ్నీ సగమే పనిచేస్తోందని, పోయింది ఇక రాదని చెప్పినప్పుడూ అక్కడే ఉంది.

ఇంటికి రాగానే తిరగలిని కడిగి లోపలికి తెచ్చింది. "రాయికేటి తెలుసు గుంటా, మనకే తెలీనేదు," అంది. మళ్లీ అంబలి కాస్తోంది.

పిల్లల తల్లులు బడి వెనక ఒక తడిక కట్టారు. దాని చాటుందనే ధైర్యంతో ఇప్పుడు నేనూ ఆడపిల్లలూ నీళ్లు తాగుతున్నాం. గాలివానకు తడిక ఎగిరిపోయిన రోజున మాత్రం ఆడపిల్లల సీసాల్లో నీళ్లు సాయంత్రానికీ నిండుగానే ఉంటాయి.

వీపు నుంచి గజ్జల్లోకి దిగే నొప్పికి చలిజ్వరం తోడైతే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి. రేపు మీ ఊరి బడికి కూడా వెళ్లండి. బడి విడిచే వేళ ఆడపిల్లల నీళ్ల సీసాలు చేత్తో ఎత్తి చూడండి. బరువుగా ఉన్నాయా? మరుగుదొడ్డికి పునాది తవ్వేదాకా అక్కణ్ణుంచి కదలకండి.