ఎంగిలి వేలు

పొద్దున్నే ఇంటి ఓనరు మెట్లు దిగుతాడు. బొటనవేలు నాలుక్కి రాసుకుని, ఆ ఎంగిలితోనే అద్దెకున్నవాళ్ల కారు అద్దాలు తుడిచి నోటీసులు అంటిస్తాడు. కింది వాటాలో ఉండే నర్సు ఆయన తుడిచిన అద్దాన్ని సబ్బుతో కడుక్కునేది. ఆ రోజు ఆమె డ్యూటీ నుంచి వచ్చి, కారు పెట్టి, కాస్త కునుకు తీసి లేచేసరికి కారు లేదు.

"పార్కింగు గీత దాటావమ్మాయ్. ఎంత చెప్పినా వినవు, అందుకే క్రేనుతో ఎత్తించేశాను" అన్నాడు, పళ్లు కుట్టుకుంటూ.

ఎత్తుకెళ్లిన కార్లు పెట్టే ఊరవతల యార్డుకి పోయి, బతిమాలి కారు తెచ్చుకుంది. టైరుకి ఒక పక్క అంటి, ఇంకా తడారని పసుపు రంగు. ఇంటి ముందు నేల మీద నిన్నటి గీత జానెడు ముందుకి జరిగి ఉంది.

"బాబాయిగారూ, నేను గీత మీద కారు పెట్టానా, మీరు నా కారు కిందకి గీత గీశారా?"

ఆయన వేలు నాలుక్కి రాసుకుని, వంగి టైరు తుడిచాడు. రంగు పోలేదు. పచ్చబడిన ఆ వేలే మళ్లీ నోట్లోకి వెళ్లింది.